ఎడమ ఇంజిన్ 5000 ఆర్‌పీఎం దాటడం లేదు, కుడిది 5750కి పోతోంది: తప్పు ఇంజిన్‌దా, ప్రొపెల్లర్‌దా?

జంటఇంజిన్ | శనివారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. రాయాల్సి వచ్చిందంటే నా పరిస్థితి మీకే అర్థమవుతుంది.

బోటు 24 అడుగులది, ఫైబర్. వెనక రెండు అవుట్‌బోర్డులు (బోటు బయట తగిలించే ఇంజిన్లు), ఒక్కోటి 150 హెచ్‌పీ, ఫోర్ స్ట్రోక్. గేర్ రేషియో 2.00, అంటే ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు. రెండింటికీ ఒకే సైజు అల్యూమినియం ప్రొపెల్లర్లు, మూడు రెక్కలవి. వ్యాసం 14 అంగుళాలు, పిచ్ (ఒక చుట్టుకి ముందుకు పోవాల్సిన దూరం) 17.

కిందటి సీజన్‌లో ఫుల్ థ్రాటిల్ ఇస్తే రెండు మీటర్లూ 5600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర నిలబడేవి. జీపీఎస్‌లో వేగం 35 నాట్లు (గంటకి అన్ని నాటికల్ మైళ్లు) వచ్చేది. ఇప్పుడు ఎడమది 5000 దగ్గరే ఆగిపోతోంది, కుడిది 5750కి పోతోంది. వేగం 30 నాట్లు. 3200 నుంచి 3600 మధ్యలో కాళ్ల కింద నేల జుమ్మని వణుకుతోంది. స్టీరింగ్ కాస్త వదులుగా పట్టుకుంటే చాలు, బోటు కుడివైపుకి తిరుగుతోంది.

ఎడమ ఇంజిన్‌కి ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టర్, నీళ్లు వేరుచేసే ఫిల్టర్ అన్నీ మార్చేశాను. కంప్రెషన్ చూపించాను, నాలుగు సిలిండర్లూ సమానంగానే ఉన్నాయి. ఒక్క ఆర్‌పీఎం కూడా పెరగలేదు. ఇక ఇంజెక్టర్లు విప్పించడమేనా? టెన్షన్‌గా ఉంది.

అలలమీద | శనివారం, రాత్రి 8:40

ఇంజెక్టర్ల జోలికి వెళ్లేముందు ఖర్చులేని పరీక్ష ఒకటి చెయ్యి బ్రదర్. రెండు ప్రాప్‌లూ (ప్రొపెల్లర్లు) విప్పి అటుది ఇటు, ఇటుది అటు వెయ్యి. జబ్బు ప్రాప్‌తో పాటు కుడివైపుకి వెళ్తే ప్రాప్ తప్పు. ఎడమలోనే ఉండిపోతే ఇంజిన్ తప్పు. అరగంటలో తేలిపోతుంది.

గేర్‌ఆయిల్ | శనివారం, రాత్రి 8:52

ఆగండాగండి. అవి రెండూ ఒకే వైపు తిరుగుతాయా, ఎదురెదురుగా తిరుగుతాయా? జంట ఇంజిన్ల మీద చాలావరకు ఎదురెదురే ఉంటాయి. వెనక నిలబడి చూస్తే కుడిది గడియారం ముల్లు తిరిగే వైపు, ఎడమది దానికి ఎదురు. అలాంటప్పుడు ప్రాప్‌లు మార్చి వేస్తే ముందుకు గేరు వేసినా బోటు వెనక్కి పోతుంది! కుడి ప్రాప్, ఎడమ ప్రాప్ వేర్వేరు వస్తువులు. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకోవడం లాంటిది కూడా కాదు. దాంతో కనీసం నడవగలం.

అలలమీద | శనివారం, రాత్రి 9:05

నిజమే, నాది ఒకప్పటి బోటు. రెండూ ఒకే వైపు తిరిగేవి, ఆ అలవాటుతో చెప్పేశాను. క్షమించాలి. ఎదురు తిరిగే జంట అయితే నా సలహా మర్చిపో.

జంటఇంజిన్ | శనివారం, రాత్రి 9:11

ఎదురెదురే అన్నా. మంచిపని చేశారు, రేపు పొద్దున్నే విప్పుదామనుకున్నాను.

పాతమెకానిక్ | ఆదివారం, ఉదయం 6:20

బాబూ, విప్పడం మాత్రం విప్పు. మార్చి వేయడానికి కాదు, చూడటానికి. దానికి ముందు నాలుగు సంగతులు చెప్పు.

ఒకటి, ఆ మీటర్లు నిజం చెబుతున్నాయా? మీటరు అబద్ధమాడితే ఇంజిన్‌ని తిట్టి లాభం లేదు. స్కానర్ పెట్టి ఇంజిన్ కంప్యూటర్ ఇచ్చే అంకె చూడు. రెండు, బోటు అడుగున పాచి, గుల్లలు ఉన్నాయా? ఉంటే రెండు ఇంజిన్లూ తగ్గుతాయి, ఒకటే తగ్గదు. మూడు, రెండు ఇంజిన్ల ఎత్తు, ట్రిమ్ (ఇంజిన్ వాలు) ఒకేలా ఉన్నాయా? ఒకటి కాస్త పైకి ఉన్నా గాలి పీలుస్తుంది. నాలుగు, దేనికైనా తగిలిందా?

ఇంకోమాట. ఎడమది జబ్బు ఇంజిన్ అని నువ్వు ముందే తీర్పు చెప్పేసుకున్నావు. నేనింకా చెప్పలేదు.

ప్రాప్ విప్పేటప్పుడు తాళం చెవి జేబులో ఉండాలి, కిల్ స్విచ్ లాన్యార్డ్ (లాగితే ఇంజిన్ ఆగిపోయే తాడు) తీసేసి ఉండాలి, బ్యాటరీ స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. నట్టు లూజు చేసేటప్పుడు రెక్కకీ, ప్రాప్‌కి పైన అడ్డంగా ఉండే పళ్లేనికీ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టు. చేత్తో పట్టుకుని తిప్పాలని చూడకు. రెక్క అంచు వేళ్లకేం మొహమాటపడదు.

జంటఇంజిన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

గురువుగారూ, అన్నీ చూశాను. స్కానర్‌లో ఎడమ 5000, కుడి 5740. మీటర్లు నిజమే చెబుతున్నాయి. అడుగు శుభ్రంగా ఉంది. ఎత్తు కొలిచాను, రెండింటికీ తేడా లేదు. తగలడం అంటే ఈ సీజన్‌లో దేనికీ తగలలేదు.

అసలు సంగతి దొరికింది! ఎడమ ప్రాప్ విప్పితే థ్రస్ట్ వాషర్ (ప్రాప్‌కి ముందు షాఫ్ట్ మీద కూర్చునే మందపాటి రింగు) వెనకాల నైలాన్ చేపల దారం ఉంది. షాఫ్ట్ చుట్టూ బిగుసుకుపోయి వేడికి కరిగినట్టు గట్టిపడింది. అరగంట కోసి కోసి తీశాను. ఇదే దోషి అయి ఉంటుంది కదా? ఇంతకాలం బ్రేకు పట్టినట్టు పట్టుకుని ఉంటుంది.

పాతమెకానిక్ | ఆదివారం, మధ్యాహ్నం 2:10

దొరికింది మంచిదే, అది బోటుని కాదు, గేర్‌బాక్స్‌ని చంపే దొంగ. కానీ ఆ దారానికి 600 ఆర్‌పీఎం తగ్గించే బలం ఉండదు. 150 గుర్రాల ముందు నైలాన్ దారం ఎంత. అది చేసేది వేరే పని: షాఫ్ట్ సీల్ పెదవిని కోసేస్తుంది. అక్కణ్నుంచి నీళ్లు లోపలికి పోతాయి.

కింది స్క్రూ కాస్త లూజు చేసి గేర్ ఆయిల్ ఎలా ఉందో చూడు. కాఫీలో పాలు కలిపినట్టుంటే నీళ్లు చేరినట్టే. స్క్రూకి ఉన్న అయస్కాంతం కూడా చూడు. మెత్తటి నల్ల గుజ్జు మామూలే. వేలికి గుచ్చుకునే లోహపు ముక్కలు ఉంటే మాత్రం గేరు పళ్లు పోతున్నాయని లెక్క.

జంటఇంజిన్ | ఆదివారం, సాయంత్రం 4:45

మీ నోటి మాట నిజమైంది. ఆయిల్ తెల్లబడింది. పూర్తిగా పాలలా కాదు గానీ మసకగా ఉంది. అయస్కాంతం మీద గుజ్జే, ముక్కలు లేవు.

గేర్‌ఆయిల్ | ఆదివారం, సాయంత్రం 5:20

సమయానికి చూశారు. ఇలా వదిలేస్తే బేరింగులు తుప్పుపట్టి మొత్తం లోయర్ యూనిట్ (ఇంజిన్ కింది గేర్ల భాగం) పోయేది. సీల్స్ రెండూ మార్పించండి. మార్చాక గాలి ప్రెషర్ పెట్టి, అది నిలబడుతోందో లేదో చూశాకే ఆయిల్ పోయించండి. ఆయిల్ ఎప్పుడూ కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించాలి, పై రంధ్రం నుంచి పొంగేదాకా. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుపోయి, నిండిందని మోసపోతారు. స్క్రూల కింది వాషర్లు కొత్తవి వేయండి.

జంటఇంజిన్ | గురువారం, సాయంత్రం 6:30

ఎడమదానికి సీల్స్ మార్పించాను. ప్రెషర్ నిలబడింది. ఆయిల్ కొత్తది. ఎంతో ఆశతో ఇవాళ నీళ్లలోకి దిగాను.

ఎడమ 5000. కుడి 5750. 30 నాట్లు. అచ్చం అలాగే.

కొత్తతెడ్డు | గురువారం, రాత్రి 7:02

పెద్దల మధ్యలో దూరుతున్నాను. కుడిది ఆర్‌పీఎం ఎక్కువ చూపిస్తోంది కదా, అది కేవిటేషన్ అయి ఉండొచ్చా? ఇంజిన్ కింద ఉండే అడ్డం పళ్లేన్ని కేవిటేషన్ ప్లేట్ అంటారని విన్నాను. అది సరిగ్గా లేకపోతే ఇలా అవుతుందా?

లెక్కలమాస్టారు | గురువారం, రాత్రి 8:30

పేరు అలా స్థిరపడిపోయింది గానీ ఆ పళ్లేనికీ కేవిటేషన్‌కీ సంబంధం లేదు. అది ఆపేది వెంటిలేషన్‌ని. అంటే పైనుంచి గాలి, లేదా ఇంజిన్ పొగ రెక్కల్లోకి లాక్కుపోవడాన్ని. గాలిలో రెక్కకి పట్టు దొరకదు, ఆర్‌పీఎం ఒక్కసారిగా గయ్యిమని ఎగురుతుంది. పదునుగా మలుపు తిప్పినప్పుడో, ట్రిమ్ మరీ పైకి లేపినప్పుడో కనిపిస్తుంది.

కేవిటేషన్ వేరు. రెక్కకి బోటు వైపున్న ముఖం మీద పీడనం బాగా పడిపోతే అక్కడి నీళ్లు, చల్లగా ఉండగానే, ఆవిరి బుడగలుగా మారతాయి. అవి మళ్లీ పీడనం ఉన్నచోటికి రాగానే లోపలికి కుప్పకూలి లోహాన్ని కొరుకుతాయి. రెక్క మీద పెయింటు లేచిపోయి చీమలు తిన్నట్టు గుంటలు కనిపిస్తే అదే. దీని చరిత్ర కూడా బాగుంటుంది. చార్లెస్ పార్సన్స్ 1894లో టర్బైన్‌తో నడిచే టర్బీనియా అనే నౌకను నీళ్లలోకి దింపితే, ఇంజిన్‌లో బలం ఉన్నా వేగం రాలేదు. ఒక్క ప్రొపెల్లర్ మరీ వేగంగా తిరిగి నీళ్లలో బుడగలు చేస్తోందని ఆయన కనిపెట్టాడు. చివరికి మూడు షాఫ్టులు, ఒక్కోదానికి మూడేసి, మొత్తం 9 ప్రొపెల్లర్లు పెట్టాడు. 1897లో విక్టోరియా రాణి పాలన వజ్రోత్సవ నౌకాదళ ప్రదర్శనలో అది 34 నాట్ల దాకా వెళ్లి అందరి నోళ్లూ తెరిపించింది.

సరే, దారిలోకొస్తాను. జంటఇంజిన్‌గారి అంకెలతో ఎవరూ లెక్క వేయలేదు, నేను వేస్తాను. పిచ్ 17 అంటే ప్రాప్ ఒక్కసారి తిరిగితే, జారకుండా ఉంటే, 17 అంగుళాలు ముందుకు పోవాలి. మర ఒకటి చెక్కలో దిగినట్టు. నీళ్లు చెక్క కాదు కాబట్టి కొంత జారుతుంది. ఆ జారుడే స్లిప్. ఇంజిన్ ఆర్‌పీఎంని గేర్ రేషియోతో భాగించి, పిచ్‌తో గుణించి, 1215తో భాగిస్తే జారకపోతే రావలసిన నాట్లు వస్తాయి.

కిందటి సీజన్: 5600ని 2తో భాగిస్తే 2800. దాన్ని 17తో గుణించి 1215తో భాగిస్తే 39.2 నాట్లు. వచ్చింది 35. అంటే జారుడు దాదాపు 11 శాతం. ఇలాంటి బోటుకి ఆరోగ్యకరమైన అంకె.

ఇప్పుడు ఎడమ: 5000కి 35 నాట్లు రావాలి, వస్తున్నది 30, జారుడు 14 శాతం. కాస్త ఎక్కువే గానీ భయపడేంత కాదు.

కుడి: 5750కి 40.2 రావాలి, వస్తున్నది 30. జారుడు 25 శాతం!

మీరు మందులు పోస్తున్నది ఎడమదానికి. జ్వరం కుడిదానికి.

జంటఇంజిన్ | గురువారం, రాత్రి 8:55

మాస్టారూ, లెక్క అర్థమైంది గానీ మనసుకి ఎక్కడం లేదు. కుడిది హాయిగా 5750 తిరుగుతోంది. ఎడమది రొప్పుతోంది. రొప్పేదే కదా రోగి?

పాతమెకానిక్ | శుక్రవారం, ఉదయం 6:05

జోడెడ్ల బండి ఎప్పుడైనా చూశావా? కాడి కింద ఒక ఎద్దు దొంగపనికి దిగి అడుగు తగ్గిస్తే, బరువంతా రెండోదాని మెడ మీద పడుతుంది. రొప్పేది, నురగ కక్కేది పనిచేసే ఎద్దే. దొంగ ఎద్దు హాయిగానే ఉంటుంది. బండి కూడా దొంగ ఎద్దు ఉన్న వైపుకే తిరుగుతుంది. నీ బోటు ఎటు తిరుగుతోందన్నావు? కుడికి. ఎడమవైపు తోపు ఎక్కువై ముక్కుని కుడికి నెడుతోంది. మొదటి పోస్టులోనే జవాబు రాసి మమ్మల్ని అడిగావు.

ఎడమది తగ్గడానికి కారణం చెబుతాను. కుడిది సగం తోస్తోంది కాబట్టి బోటు వేగం పడిపోయింది. బోటు నెమ్మదిస్తే ప్రాప్‌లోకి నీళ్లు నెమ్మదిగా వస్తాయి. అప్పుడు రెక్క నీటిని మరింత నిటారుగా కొట్టాలి, బరువు పెరుగుతుంది. ఇంజిన్ 5000 దగ్గర చేతులెత్తేస్తుంది. ఒంటి ఇంజిన్ బోటులో ఈ మాయ ఉండదు. ఆర్‌పీఎం ఎక్కువ, వేగం తక్కువ అని అక్కడే తెలిసిపోతుంది. జంటలో ఒకదాని తప్పు రెండోదాని మీటరులో కనిపిస్తుంది.

ఇంకోటి, ఎడమదాన్ని ఇలా ఫుల్ థ్రాటిల్‌లో ఎక్కువసేపు తోలకు. నీ ఇంజిన్‌కి కంపెనీ చెప్పిన ఫుల్ థ్రాటిల్ హద్దు ఎంత?

జంటఇంజిన్ | శుక్రవారం, ఉదయం 7:30

5000 నుంచి 6000. అంటే ఎడమది అంచు మీద నిలబడింది. ఎద్దుల మాట విన్నాక ఎడమ ఇంజిన్‌ని చూస్తే జాలేస్తోంది.

గేర్‌ఆయిల్ | శుక్రవారం, ఉదయం 9:15

కుడి ప్రాప్‌కి ముందు హబ్ పరీక్ష చేయండి. ప్రాప్ లోపల రబ్బరు బుష్ ఉంటుంది. దేనికైనా తగిలినప్పుడు గేర్లకి దెబ్బ తగలకుండా అది జారుతుంది. ఒకసారి అంటు వదిలితే ఆ తర్వాత బరువు పడ్డప్పుడల్లా జారుతుంది. ఆయిల్ పెన్నుతోనో సూదిమొనతోనో నట్టు దగ్గర కనిపించే లోపలి గొట్టం మీద మొదలుపెట్టి ప్రాప్ బయటి భాగం దాకా ఒకే గీత గీయండి. రెండు మూడుసార్లు గట్టిగా థ్రాటిల్ ఇచ్చి తిరిగొచ్చి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే హబ్ పోయినట్టే.

అలాగే ప్రాప్ వెనక చివర గంటలా విచ్చుకున్న అంచు ఉంటుంది కదా, అది విరిగిందేమో చూడండి. ఆ అంచు ఇంజిన్ పొగ వెనక్కి పోయేలా చూస్తుంది. విరిగితే పొగ రెక్కల్లోకి తిరిగొచ్చి పట్టు పోతుంది.

కొత్తతెడ్డు | శుక్రవారం, ఉదయం 10:00

ఒక్కో ఇంజిన్‌తో విడివిడిగా నడిపి చూడొచ్చా?

గేర్‌ఆయిల్ | శుక్రవారం, ఉదయం 10:25

మంచి ప్రశ్న. చూడొచ్చు, కానీ నెమ్మదిగా. జంట కోసం ఎంచిన పిచ్‌ని ఒక్క ఇంజిన్ మోయలేదు. బోటు నీటి మీదికి లేవదు, ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజిన్‌కి గుదిబండే. 3000 దాటకుండా, రెండోదాన్ని పైకి లేపి, ఒకే దారిలో వెళ్లి వచ్చి సగటు తీయాలి. లేకపోతే ప్రవాహం, గాలి లెక్క తప్పిస్తాయి.

జంటఇంజిన్ | శనివారం, మధ్యాహ్నం 12:40

హబ్ గీత చెక్కుచెదరలేదు. నాలుగుసార్లు గట్టిగా ఇచ్చి చూశాను. గంట అంచు బాగుంది. రెక్కల మీద గుంటలు లేవు.

3000 దగ్గర ఎడమది ఒక్కటే 7.9 నాట్లు, కుడిది ఒక్కటే 7.1. వెళ్లి వచ్చిన సగటు.

కుడి ప్రాప్ విప్పి షాఫ్ట్ కూడా చూశాను. న్యూట్రల్‌లో పెట్టి, పై పళ్లేనికి ఒక తీగ టేపుతో అతికించి, దాని మొన షాఫ్ట్‌కి తగిలీ తగలనట్టు ఉంచి చేత్తో తిప్పాను. సందు మారలేదు. అంటే షాఫ్ట్ వంగలేదు. ఈ వైపు దారం లేదు, ఆయిల్ శుభ్రంగా ఉంది.

హబ్ బాగుంది, షాఫ్ట్ బాగుంది, పైకి ప్రాప్ కూడా అందంగానే ఉంది. మళ్లీ మొదటికొచ్చాను.

పాతమెకానిక్ | శనివారం, మధ్యాహ్నం 1:15

"అందంగా" అన్నావు. ఎడమదానికంటే అందంగా ఉందా? పెయింటు కొత్తగా ఉందా?

జంటఇంజిన్ | శనివారం, మధ్యాహ్నం 1:32

అవును...

గురువుగారూ, తిట్టకండి. ఈ సీజన్‌లో దేనికీ తగలలేదన్నాను, అది నిజమే. కిందటి సీజన్ ఆఖర్లో కుడి ప్రాప్ నీళ్లలో మునిగి ఉన్న మానుకి తగిలింది. రెండు రెక్కలు వంగాయి. ఒకాయన వేడిచేసి సుత్తితో సరిచేసి, పెయింటు వేసి ఇచ్చాడు. చూడటానికి కొత్తదానిలా ఉండటంతో నేను మర్చేపోయాను.

అలలమీద | శనివారం, మధ్యాహ్నం 1:40

🤦 నా తప్పు సలహా కంటే ఇది పెద్దది. లెక్క సరిపోయింది బ్రదర్.

పాతమెకానిక్ | శనివారం, మధ్యాహ్నం 2:05

తిట్టను. నలభై ఏళ్లుగా చూస్తున్నాను, "తగిలిందా" అని అడిగితే మొదటిసారి అవునన్న మనిషిని నేను చూడలేదు.

సుత్తితో కొడితే రెక్క ఆకారం తిరిగొస్తుంది, కోణం రాదు. మన కంటికి అంచు నున్నగా ఉంటే బాగైనట్టు కనిపిస్తుంది. నీటికి కావలసింది కోణం. ఇంకొకటి ఉంది: మంచి ప్రాప్‌కి రెక్క వెనక అంచున సన్నగా గరిటె అంచులా ఒక వంపు ఉంటుంది. దాన్ని కప్ అంటారు. నీటిని పట్టి ఉంచేది అదే. సుత్తి దెబ్బకి ముందు చదునయ్యేదీ అదే. వేలితో రాసి రెండు ప్రాప్‌లూ పోల్చు.

లెక్కలమాస్టారు | శనివారం, సాయంత్రం 3:30

ఇంట్లోనే కొలవచ్చు. ప్రాప్‌ని చదునైన బల్ల మీద నిలబెట్టండి, రంధ్రం నిటారుగా ఉండాలి. మధ్య నుంచి 125 మిల్లీమీటర్ల దూరంలో ప్రతి రెక్క మీదా ఒక వంపు గీత గీయండి. ఈ ప్రాప్‌కి అది వ్యాసార్ధంలో 70 శాతం దగ్గర పడుతుంది, పిచ్ కొలవడానికి మామూలుగా ఎంచుకునే చోటు. కోణమానినితో ఆ గీత మీద 40 డిగ్రీల ఎడంలో రెండు చుక్కలు పెట్టండి. రెండు చుక్కల ఎత్తు బల్ల నుంచి కొలిచి తేడా తీయండి. 40 డిగ్రీలు పూర్తి చుట్టులో తొమ్మిదో వంతు కాబట్టి ఆ తేడాని 9తో గుణిస్తే పిచ్. 17 అంగుళాలకి 48 మిల్లీమీటర్ల తేడా రావాలి.

కొన్ని ప్రాప్‌లలో పిచ్ ముందంచు నుంచి వెనకంచుకి మారుతుంది కాబట్టి చుక్కలు మూడు రెక్కల మీదా ఒకే చోట పడాలి. అసలు అంకె కంటే మూడూ సమానంగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. పోల్చడానికి ఎడమదాన్ని కూడా కొలవండి.

జంటఇంజిన్ | శనివారం, రాత్రి 9:20

ఎడమ ప్రాప్: 48, 48, 48.

కుడి ప్రాప్: 48, 44, 41.

రెండుసార్లు కొలిచాను. 41 వచ్చిన రెక్కకి కప్ దాదాపు లేదు. కళ్లతో చూస్తే ఇప్పటికీ నాకు తేడా కనిపించడం లేదు, అదే విచిత్రం.

లెక్కలమాస్టారు | శనివారం, రాత్రి 9:48

అంటే పిచ్ 17, 15.6, 14.5. సగటు 15.7. ఒక అంగుళం పిచ్ తగ్గితే మామూలుగా 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, ఆ లెక్కన మీది 200 పైన పెరగాలి. బోటు నెమ్మదించడంతో దానిమీదా బరువు పడి 150 దగ్గర ఆగింది. నేల వణుకు కూడా ఇక్కణ్నుంచే: మూడు రెక్కలు మూడు రకాలుగా తోస్తుంటే షాఫ్ట్ ప్రతి చుట్టులోనూ పక్కకి ఊగుతుంది.

కొత్తతెడ్డు | శనివారం, రాత్రి 10:10

అయితే ఎడమదానికి కూడా 15 పిచ్ వేసేస్తే రెండూ సమానమైపోవా?

గేర్‌ఆయిల్ | శనివారం, రాత్రి 10:22

కుంటివాడికి తోడుగా రెండోవాడి కాలు కూడా విరగ్గొట్టినట్టుంటుంది తమ్ముడూ. పిచ్ తగ్గిస్తే పికప్ పెరుగుతుంది, పైవేగం పోతుంది. ఆర్‌పీఎం హద్దు దాటే ప్రమాదం కూడా ఉంది. పైగా కుడిది నిజమైన 15 కాదు, మూడు పిచ్‌ల కలగూరగంప.

అలలమీద | ఆదివారం, ఉదయం 8:00

ఈసారి ఆలోచించే చెబుతున్నాను: ఇదే అదను, రెండూ స్టెయిన్‌లెస్ స్టీలువి వేసెయ్యి. రెక్క పల్చగా ఉంటుంది, బరువు కింద వంగదు, వేగం కూడా కాస్త పెరుగుతుంది.

పాతమెకానిక్ | ఆదివారం, ఉదయం 8:35

వేగం మాట నిజం. కానీ మాన్లు తేలే నీళ్లలో తిరిగే మనిషికి నేను స్టీలు చెప్పను. అల్యూమినియం రెక్క తగిలితే తాను వంగి గేర్లని కాపాడుతుంది. స్టీలు వంగదు, దెబ్బలో ఎక్కువ భాగం షాఫ్ట్‌కీ గేర్లకీ పంపుతుంది. లోతైన, శుభ్రమైన నీళ్లయితే వేసుకో. పైగా వేస్తే రెండూ కలిపే వేయాలి, ఒకటి అది ఒకటి ఇది పనికిరాదు.

కుడి ప్రాప్‌ని పిచ్ అచ్చులున్న వర్క్‌షాపులో సరిచేయించవచ్చు. అచ్చు మీద పెట్టి రెక్కని దానికి సరిపోయేలా కొట్టి, కప్ తిరిగి తెచ్చి, బ్యాలెన్స్ చేసి ఇస్తారు. కానీ అల్యూమినియం ఒకసారి వంగి, వేడెక్కి, లేచింది. మళ్లీ వంచితే పగుళ్లు వస్తాయి. నేనైతే అదే మోడల్ కుడి ప్రాప్ కొత్తది వేసి, పాతదాన్ని సరిచేయించి స్పేర్‌గా బోటులో పెట్టుకుంటాను. వేసేముందు రెక్కల మొదళ్ల దగ్గర పగులు ఉందేమో గోరుతో రాసి చూడాలి.

బిగించేటప్పుడు మూడు జాగ్రత్తలు. షాఫ్ట్ పళ్లకి నీళ్లకి కొట్టుకుపోని గ్రీజు రాయి, లేకపోతే వచ్చే ఏడాది ప్రాప్ ఊడిరాదు. థ్రస్ట్ వాషర్ వాలు ముఖం షాఫ్ట్ వాలు వైపే ఉండాలి. తిరగేసి వేస్తే ప్రాప్ ముందుకెళ్లి గేర్‌బాక్స్‌ని రాస్తుంది. నట్టు మాన్యువల్‌లో ఉన్నంత టార్క్‌కి బిగించి, పిన్ను కొత్తది వెయ్యి. పాత పిన్నుని తిన్నగా చేసి వాడేవాళ్లని చూశాను, వాళ్ల ప్రాప్‌లు నీటి అడుగున ఉన్నాయి.

జంటఇంజిన్ | తర్వాతి శనివారం, సాయంత్రం 5:50

కొత్త కుడి ప్రాప్ వచ్చింది. బిగించేముందు కొలిచాను, 48, 48, 48. (అలవాటైపోయింది, ఇప్పుడు ఏ ప్రాప్ కనిపించినా కొలవాలనిపిస్తోంది.)

ఫుల్ థ్రాటిల్: ఎడమ 5560, కుడి 5590. జీపీఎస్ 34.8 నాట్లు. ట్యాంకు నిండుగా ఉంది, నలుగురం ఉన్నాం. 3200 నుంచి 3600 దాకా నెమ్మదిగా పెంచుతూ వెళ్లాను, వణుకు లేదు. స్టీరింగ్ వదిలితే తిన్నగా పోతోంది.

ఎడమ ఇంజిన్‌లో నేను చేసిన మార్పు ఒక్కటి కూడా ఈ సమస్యకి సంబంధించింది కాదు. కానీ దాన్ని అనుమానించి విప్పాను కాబట్టే ఆ దారం బయటపడింది.

లెక్కలమాస్టారు | శనివారం, సాయంత్రం 6:15

జారుడు రెండువైపులా 11 శాతం. కిందటి సీజన్ అంకే.

పాతమెకానిక్ | శనివారం, సాయంత్రం 6:40

బాగుంది. పది గంటలు నడిపాక ఎడమదాని గేర్ ఆయిల్ ఒకసారి చూడు, కొత్త సీల్ కూర్చుందో లేదో తెలుస్తుంది. ఎడమదాంట్లోంచి తీసిన ప్లగ్గులు పారేశావా?

జంటఇంజిన్ | శనివారం, సాయంత్రం 6:48

లేదు గురువుగారూ, డబ్బాలో ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి.

పాతమెకానిక్ | శనివారం, సాయంత్రం 6:52

స్పేర్ ప్రాప్ పక్కనే పెట్టుకో.